ఒకే చోటికి తిరిగి వచ్చిన నెమ్ము

పిల్లలకు నెమ్ము (న్యుమోనియా) చేయడం ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఎవరికీ కొత్త సంగతి కాదు. కార్తీకం దాటి మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి దిగిందంటే పర్లాకిమిడిలోని పిల్లల డాక్టర్ల వాకిళ్లు తెల్లవారేసరికే తల్లులతో నిండిపోతాయి. అందుచేత రెండేళ్లు దాటిన మా బాబుకు 2024 చలికాలంలో దగ్గు, జ్వరం, ఆయాసం పట్టుకున్నప్పుడు మేము కంగారుపడ్డామే గాని అందులో విశేషమేదో ఉందనుకోలేదు. తగ్గిన నెమ్ము కొన్నాళ్లకే తిరిగి రావడం, మందులకు లొంగడం, మళ్లీ రావడం, చివరకు ఎండాకాలంలో కూడా వదలకపోవడం చూశాక మాత్రం ఇది అందరి పిల్లలకూ వచ్చే నెమ్ము కాదని నాకు అనిపించసాగింది. పిల్లల ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గరికి మేము చేరిన తీరు, అక్కడ జరిగిన పరీక్షలు, చికిత్స వరుసగా రాస్తున్నాను. సరిహద్దుకు ఇవతల ఉండే తెలుగు కుటుంబాలకు ఇటువంటి అవసరం వస్తే ఏ తలుపు తట్టాలో, తట్టినప్పుడు చేతిలో ఏముండాలో తెలియడం ముఖ్యమని నా నమ్మకం.

మొదటిసారి చూసిన మా ఊరి డాక్టరు గారి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. బాబు చొక్కా విప్పించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు ఊపిరులు లెక్కపెట్టడం ఆయనే నాకు నేర్పించారు. ఏడాది నుంచి అయిదేళ్లలోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు గాని అంతకు మించి గాని ఊపిరి తీస్తుంటే అది వేగమైన శ్వాస అనీ, రెండు నెలలు నిండి ఏడాది లోపున్న పసివారికి ఆ హద్దు 50 అనీ, రెండు నెలల లోపు వారికి 60 అనీ చెప్పారు. పిల్లవాడు నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో లెక్కించాలన్నారు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా, పెదవులు నీలం తిరుగుతున్నా, పాలూ నీళ్లూ తాగలేకపోతున్నా రాత్రనక పగలనక ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఎక్స్‌రే తీయించి, కుడివైపు అడుగున తెల్లటి మచ్చ చూపించి, యాంటీబయాటిక్ ఇచ్చారు. జ్వరం దిగింది, పిల్లవాడు ఆటల్లో పడ్డాడు.

రెండోసారి వచ్చినప్పుడు దగ్గుతో పాటు పిల్లికూతలు కూడా వినిపించాయి. అది ఉబ్బసం కావచ్చునన్న అనుమానంతో మాస్కు తగిలించిన స్పేసర్ గొట్టం ద్వారా ఇన్‌హేలర్ మొదలుపెట్టారు. మా అత్తయ్య గారికి ఇన్‌హేలర్ అంటే భయం. ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలదని ఆమె విన్నారు. ఇది మా ప్రాంతమంతటా పాతుకుపోయిన భయం గనుక ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి మాత్రలు, సిరప్‌ల కంటే అతి తక్కువ మోతాదు సరిపోతుంది, దానికి పిల్లలు అలవాటు పడిపోవడమంటూ ఉండదు. నిజంగా ఉబ్బసం ఉన్న పిల్లలకు అది ప్రాణం నిలిపే మందు. మా బాబు విషయంలో మాత్రం కూతలు కొంత తగ్గాయి గాని పూర్తిగా పోలేదు, నెమ్ము రాక ఆగలేదు.

తరువాత క్షయ అనుమానం వచ్చింది. చిన్నపిల్లలు కళ్లె ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకని తెల్లవారుజామున పరగడుపున ముక్కు గుండా సన్నని గొట్టం వేసి, కడుపులోని ద్రవాన్ని తీసి, క్షయ క్రిమిని గుర్తించే సీబీనాట్ పరీక్షకు పంపారు. చేతి మీద మాంటూ సూది వేసి, రెండు మూడు రోజుల తరువాత వాపు కొలిచారు. రెండింటిలోనూ క్షయ జాడ లేదు. ఇవి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే జరిగాయి. ఈ నెలల్లోనే మా దూరపు బంధువొకామె, పిల్లవాడికి పొట్ట మీద వాత పెట్టిస్తే ఉబ్బసం పోతుందని చెప్పి, పెట్టే మనిషి ఉండే ఊరి పేరు కూడా చెప్పింది. మా కొండ ప్రాంతాల్లోనూ, శ్రీకాకుళం వైపు పల్లెల్లోనూ ఈ ఆచారం ఇంకా ఉంది. కాల్చిన ఇనుముతో పసివాడి ఒళ్లు కాల్చడం వల్ల ఊపిరితిత్తుల్లోని జబ్బు పోదు సరికదా, పుండు చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. మా వారు ఆమెకు ఈ మాట మర్యాదగానే, కాని గట్టిగా చెప్పారు.

నాలో అసలు ఆలోచన రేపింది మా ఊరి డాక్టరు గారు అన్న ఒక మాట. ఎండాకాలంలో తీసిన ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి చూసి ఆయన, "అమ్మా, ఇది మళ్లీ అదే చోట ఉంది. నేను మందు మార్చడం వల్ల లాభం లేదు. పిల్లల ఊపిరితిత్తుల నిపుణుడు చూడాలి" అన్నారు. తన చేతిలో ఉన్నంతా చేసి, ఇక ఫలానా వారు చూడాలని తానే చెప్పగలిగిన డాక్టరు దొరకడం మా అదృష్టం. మరొక చోట, పేరు అక్కర్లేదు, మేము కొన్నాళ్లు చూపించుకున్న ఆసుపత్రి వారు మధ్యలో తీసిన ఎక్స్‌రేను మాకు ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్నారు. అడిగితే దొరకడం లేదన్నారు. ఆ ఒక్క ఫిల్ము లేకపోవడం ఎంత లోటో విశాఖపట్నం వెళ్లాక తెలిసింది.

పిల్లల ఊపిరితిత్తుల వైద్యం మన దేశంలో ఇంకా చిన్న విభాగమే. పిల్లల వైద్యంలో ఎండీ చేసిన తరువాత దీనిలో డీఎం అనే పై డిగ్రీ చదివే అవకాశం ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ వంటి కొద్ది సంస్థల్లోనే ఉంది. కాబట్టి జిల్లా కేంద్రంలో అటువంటి నిపుణుడు ఉంటాడని ఆశించలేము. మాకు బరంపురం ఒక దారి, విశాఖపట్నం మరొక దారి. మా వారి అక్కగారి ఇల్లు విశాఖలో ఉండడం వల్ల, గుణుపురం నుంచి పాతపట్నం, టెక్కలి, నౌపడ మీదుగా వెళ్లే రైలు మా ఊరి స్టేషనులోనే ఆగడం వల్ల విశాఖకే వెళ్లాలని నిశ్చయించుకున్నాము.

ఖర్చు సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. పాతపట్నం మా ఊరికి పొరుగునే ఉన్నా అది ఆంధ్రప్రదేశ్. అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ (పూర్వపు ఆరోగ్యశ్రీ) ఆ రాష్ట్రపు కార్డు ఉన్నవారికే వర్తిస్తుంది, ఒడిశా రేషన్ కార్డు ఉన్న మాకు వర్తించదు. అయితే 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో గోపబంధు జన ఆరోగ్య యోజన అనే వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌తో కలిసి అమలవుతున్నందువల్ల, ఆ పథకపు ఆసుపత్రుల జాబితాలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రులలో కూడా కార్డు చెల్లుతుంది. జాబితాలో ఆసుపత్రి పేరు ఉండడం ఒక్కటే చాలదు. మనకు కావలసిన విభాగం ఆ ఆసుపత్రిలో పథకం కింద ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందే ఫోను చేసి తెలుసుకోవాలి. కార్డు పడుకోబెట్టి చేసే చికిత్సకు పనికివచ్చింది గాని, బయట చూపించుకున్న ఫీజులు, దారి ఖర్చులు మేమే పెట్టుకున్నాము.

నిపుణుడి గదిలో గడిచిన మొదటి గంట గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే మా బాబు జబ్బు అక్కడే సగం తేలింది. ఆయన పిల్లవాడిని వెంటనే ముట్టుకోలేదు. మేము తీసుకువెళ్లిన ఫిల్ములన్నిటినీ తేదీల వరుసలో లైటు పెట్టె మీద పెట్టమని, తానూ నిలబడి చూశారు. మధ్యలో ఒకటి లేదని చూసి, దాని రిపోర్టు కాగితమైనా ఉందా అని అడిగారు. తరువాత పుట్టుక దగ్గర నుంచి అడగడం మొదలుపెట్టారు: నెలలు నిండి పుట్టాడా, పుట్టగానే ఏడ్చాడా, పాలు తాగేటప్పుడు పొలమారేదా, బరువు సరిగా పెరిగాడా, విరేచనాలు జిడ్డుగా అయ్యేవా, చెవి చీము పదేపదే కారేదా, ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా, ఎవరైనా చుట్ట తాగుతారా, ఇంట్లో గాని పక్కింట్లో గాని ఎవరికైనా క్షయ ఉందా, నెమ్ము టీకా పడిందా. ప్రతి ప్రశ్న వెనుక ఒక జబ్బు ఉందని ఆయన మాకు ఓపికగా చెప్పారు. జిడ్డు విరేచనాలు, బరువు పెరగకపోవడం ఉంటే చెమటలో ఉప్పు కొలిచే పరీక్ష చేసి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉందేమో చూడాలి. చెవి, ముక్కు, ఊపిరితిత్తులు కలిసి పాడవుతుంటే శ్వాసనాళాల్లోని సన్నని వెంట్రుకల వంటి సీలియాలో పుట్టుకతో వచ్చే లోపం గురించి ఆలోచించాలి. పొలమారడం ఎక్కువగా ఉంటే తాగినది దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమో చూడాలి.

ఆ తరువాత ఆయన చెప్పిన మాటే ఈ మొత్తం అనుభవంలో నాకు అన్నిటికన్నా విలువైనది. నెమ్ము పదేపదే వచ్చే పిల్లలను మొదట రెండు రకాలుగా విడదీయాలట. ఒకసారి కుడివైపు, మరోసారి ఎడమవైపు, ఇంకోసారి పైన వస్తుంటే లోపం ఒంట్లో ఉంది: రోగనిరోధక శక్తిలోనో, సీలియాలోనో, గుండెలోనో వెతకాలి. ప్రతిసారీ ఒకే చోటికి వస్తుంటే లోపం ఆ చోటులో ఉంది: ఆ భాగానికి పోయే గాలి గొట్టానికి లోపల ఏదో అడ్డుపడి ఉండాలి, లేదా క్షయ గడ్డ వంటిది బయట నుంచి నొక్కుతూ ఉండాలి, లేదా ఆ భాగం పుట్టుకతోనే సరిగా తయారుకాకపోయి ఉండాలి. మా బాబు ఫిల్ములన్నిటిలో మచ్చ కుడి ఊపిరితిత్తి అడుగు భాగంలోనే ఉంది. అన్ని నెలలుగా మేము ఏ మందు వాడాలని అడుగుతూ వచ్చాము, ఆయన మాత్రం ఈ చోటే ఎందుకని అడిగారు.

స్టెతస్కోపు పెట్టి రెండు వైపులా ఎంతోసేపు విన్నారు. కుడివైపు గాలి తక్కువగా ఆడుతోందనీ, కూత కూడా అటువైపే, ఒకే స్థాయిలో వినిపిస్తోందనీ, ఉబ్బసంలో అయితే కూతలు రెండు వైపులా రకరకాల స్థాయిల్లో ఉంటాయనీ చెప్పారు. అప్పుడు అడిగారు: "ఈ జబ్బు మొదలయ్యే ముందు ఎప్పుడైనా, ఏదైనా తింటూ ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరి అయ్యాడా?" నాకు గుర్తు లేదు, మా వారికీ గుర్తు లేదు. వెంట వచ్చిన మా అత్తయ్య గారు కాసేపు ఆలోచించి, "ఉంది బాబూ" అన్నారు. దసరా రోజుల్లో సవర ఆడవాళ్లు సంతకు తెచ్చిన సీతాఫలాలు కొని, పెరట్లో పిల్లలంతా కూర్చుని తింటుండగా వీడు ఒక్కసారిగా దగ్గి, ముఖం ఎర్రబడి, కళ్లు తేలేసి, వాంతి చేసుకుని, మరుక్షణమే లేచి ఆడుకోవడానికి వెళ్లిపోయాడట. నేనప్పుడు ఇంట్లో లేను. బాగైపోయినదాన్ని చెప్పవలసిన పని ఎవరికి తోస్తుంది? డాక్టరు గారు ఆమెను ఒక్క మాట కూడా నిందించలేదు. లోపలికి పోయిన వస్తువు గాలి గొట్టంలో ఒకచోట కుదురుకున్నాక దగ్గు ఆగిపోతుందనీ, రోజులూ వారాలూ ఏ బాధా కనిపించదనీ, ఆ నిశ్శబ్ద కాలమే అందరినీ మోసం చేస్తుందనీ చెప్పారు. కుడి గొట్టం ఎడమదాని కంటే వెడల్పుగా, నిటారుగా ఉంటుంది గనుక వస్తువు ఎక్కువగా అటే పోతుంది.

గింజలు, పప్పులు ఎక్స్‌రేలో కనిపించవు. నాణెం, సూది వంటి లోహాలైతే కనిపిస్తాయి. గింజల విషయంలో కనిపించేది వాటి ఫలితం మాత్రమే. గాలి లోపలికి తీసినప్పుడు గొట్టం కాస్త విచ్చుకుని గింజ పక్క నుంచి గాలి పోతుంది, వదిలేటప్పుడు గొట్టం ముడుచుకుని ఆ గాలి తిరిగి రాదు. బోరింగు పంపులోని తోలు బిళ్ల నీటిని పైకి రానిచ్చి కిందికి పోనివ్వనట్టే ఇది పనిచేస్తుందని నేను అర్థం చేసుకున్నాను. అందుకే మొదటి రోజుల్లో ఆ వైపు ఊపిరితిత్తి ఉబ్బి, గొట్టం పూర్తిగా మూసుకున్నాక ముడుచుకుపోయి, కఫం నిలిచి చీము పడుతుంది. యాంటీబయాటిక్ ఆ చీమును తగ్గిస్తుంది, అడ్డును తీయలేదు. సీటీ స్కాన్‌లో కుడి అడుగు భాగానికి పోయే గొట్టం ఒకచోట తెగినట్టు కనిపించింది. ఊపిరి ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష అయిదారేళ్లు నిండని పిల్లలు సరిగా చేయలేరు కాబట్టి ఆ ప్రసక్తి రాలేదు.

ఇక మిగిలింది బ్రాంకోస్కోపీ. ముందు సన్నని, వంగే గొట్టం చివర ఉన్న కెమెరాతో లోపల చూస్తారు. అడ్డు కనిపిస్తే, నిటారైన లోహపు గొట్టాన్ని నోటి గుండా శ్వాసనాళంలోకి దించి, దానిలోంచే ఊపిరి అందిస్తూ, పట్టకారుతో పట్టి తీస్తారు. రెండూ పూర్తి మత్తులోనే జరుగుతాయి. ఈ పద్ధతికి వందేళ్లు దాటిందని తరువాత చదివాను: 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే వైద్యుడు ఒక రైతు శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను గొట్టం ద్వారా తీశాడు. అంతకు ముందు ఇటువంటి పిల్లలు ఏమయ్యేవారో తలచుకుంటే గుండె చెరువవుతుంది.

సంతకం తీసుకునే ముందు మత్తు డాక్టరు గారూ, నిపుణుడూ కలిసి కూర్చుని అపాయాలన్నీ చెప్పారు. గొంతు బిగుసుకుపోవచ్చు, ఆక్సిజన్ పడిపోవచ్చు, లోపలి వాపు వల్ల ఒకటి రెండు రోజులు ఐసీయూలో ఉంచవలసి రావచ్చు, నెలలుగా ఉన్న వస్తువు చుట్టూ కండ పెరిగి ఉంటుంది గనుక నెత్తురు రావచ్చు, అరుదుగా ఛాతీ తెరవవలసి రావచ్చు. తీయకుండా వదిలేస్తే ఆ భాగం శాశ్వతంగా పాడై గొట్టాలు వెడల్పై చీము నిలిచే బ్రాంకియెక్టాసిస్ అనే స్థితి వస్తుందని కూడా అంతే స్పష్టంగా చెప్పారు. మత్తుకు ముందు ఆరు గంటల పాటు ఘనాహారం, పాలు పనికిరావు. మంచినీళ్లయితే రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చన్నారు. ఆకలికి ఏడ్చే పిల్లవాడికి ఏమీ పెట్టకుండా ఆపడం ఏ తల్లికైనా కష్టమే. కాని మత్తులో వాంతి అయితే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కనికరించి రహస్యంగా బిస్కట్టు పెట్టిన ఇంటివారి వల్ల ఆపరేషన్లు వాయిదా పడుతుంటాయని నర్సమ్మ చెప్పింది.

లోపలికి తీసుకువెళ్లేటప్పుడు మత్తు మాస్కు పెట్టేదాకా నన్ను పక్కన ఉండనిచ్చారు. అది నియమమో, వారి దయో తెలియదు గాని, పిల్లల వైద్యం చేసే ప్రతి చోటా ఉండవలసిన ఏర్పాటు అది. ఆ తరువాత బయట మేము కూర్చున్న సమయం గురించి రాయలేను.

గింజ దొరికింది. కుడి అడుగు భాగానికి పోయే గొట్టం మొదట్లో, ఉబ్బి మెత్తబడిన సీతాఫలం గింజ, దాని చుట్టూ ముట్టుకుంటే నెత్తురు చిమ్మే ఎర్రటి కండ. దాన్ని ముక్క కాకుండా తీసి, వెనుక నిలిచిన చీమును పీల్చి, పరీక్షకు పంపి, మరొకసారి గొట్టం దింపి రెండు వైపులా ఇంకేమైనా మిగిలి ఉందేమో చూశారు. ఒకటి దొరికిందని ఆగిపోకూడదట, కొందరు పిల్లల్లో రెండోది కూడా ఉంటుంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇచ్చారు. రాత్రంతా ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు వేలికి తగిలించి ఉంచారు. ఫిజియోథెరపీ ఆమె వచ్చి, పిల్లవాడిని ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో, అరచేతిని గుల్లగా మడిచి వీపు మీద ఎలా తట్టాలో, సబ్బు బుడగలు ఊదించడం ద్వారా లోతైన ఊపిరి ఎలా తీయించాలో నేర్పింది. ఇంటికి వచ్చాక కూడా చాలాకాలం చేశాము.

ఇప్పుడు మా దగ్గరి వారికి నేను గట్టిగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. తీసిన ప్రతి ఎక్స్‌రే ఫిల్మునూ ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకోవాలి, తేదీతో దాచాలి. అది పిల్లవాడి సొత్తు. ఆయాసం వచ్చినప్పుడు చొక్కా విప్పి ఛాతీ కనిపించేలా ఫోనులో వీడియో తీసి ఉంచాలి, ఎందుకంటే డాక్టరు దగ్గరికి చేరేసరికి కూతలు తగ్గిపోతుంటాయి. నాలుగైదేళ్లు నిండని పిల్లలకు వేరుశనగ గుళ్లు, జీడిపప్పు, గింజ తీయని సీతాఫలం, రేగుపళ్లు ఇవ్వకూడదు. కూర్చోబెట్టి, నవ్వించకుండా, పరిగెత్తనివ్వకుండా తినిపించాలి. గొంతుకు అడ్డుపడి దగ్గలేక, ఏడవలేకపోతే, ఏడాది దాటిన పిల్లవాడిని ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు, అప్పటికీ రాకపోతే వెనుక నుంచి పట్టుకుని బొడ్డుకు పైన అయిదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఏడాది లోపు పసివాడికి పొట్ట నొక్కకూడదు, వీపు మీద అయిదు దెబ్బలు, రొమ్ము ఎముక మీద ఒక అరచేతి మడమతో అయిదు నొక్కులు. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గు తగ్గి పిల్లవాడు ఆడుకుంటున్నా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించి, ఏమి తింటుండగా జరిగిందో చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు చూశారో వారినే వెంట తీసుకువెళ్లాలి.

నిపుణుడు మా ఊరి డాక్టరు గారికి రెండు పేజీల ఉత్తరం రాసి ఇచ్చారు: ఏమి దొరికింది, ఏ క్రిమి పెరిగింది, ఏ మందు ఎన్నాళ్లు, ఎప్పుడు ఎక్స్‌రే తీయాలి, ఏ లక్షణం కనిపిస్తే తిరిగి పంపాలి. ఉబ్బసం లేదని తేలినందువల్ల ఇన్‌హేలర్ ఆపించారు. తరువాతి ఎక్స్‌రేలో మచ్చ చాలావరకు కరిగింది, ఆపై తీసినదానిలో కనిపించలేదు. నెలలపాటు మూసుకుపోయిన గొట్టం కాబట్టి, కళ్లెతో కూడిన తడి దగ్గు నాలుగు వారాలు దాటితే మళ్లీ సీటీ తీయాలని, ఏటా ఫ్లూ టీకా వేయించాలని చెప్పారు. ఇప్పుడు తరచు చూపించడం మా ఊళ్లోనే జరుగుతోంది. విశాఖకు ఏడాదికొకసారి వెళితే చాలన్నారు, అయిదేళ్లు నిండాక ఒకసారి స్పైరోమెట్రీ చేసి ఆ కుడి అడుగు భాగం ఎంత కోలుకుందో చూస్తామన్నారు.